ద్వారబంధము దాటిన తరువాత: మిసిసిపీ నల్లజాతి విద్యార్థుల రెండు ఆత్మకథలు

ఆత్మకథకు సాహిత్యమున గల స్థానమెట్టిదను ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము మొదలుకొని టంగుటూరి ప్రకాశము పంతులుగారి నా జీవితయాత్ర వరకు గల గ్రంథములను చదివినవారు ఒక విషయమును గ్రహించియే యుందురు. మంచి ఆత్మకథ ఒక మనుష్యుని కథగా ప్రారంభమై, ఒక కాలము యొక్క కథగా ముగియును. ఒంగోలులో తల్లి పూటకూళ్ళ ఇల్లు నడపగా చదువుకొనిన బాలుని వృత్తాంతము ప్రకాశముగారి సొంత కథయే యైనను, ఆనాటి పేదవానికి చదువు ఎంత వెలకు లభించెనో దానివలన తెలియుచున్నది. ఈ కొలమానముతోనే అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రమైన మిసిసిపీనుండి వెలువడిన రెండు ఆత్మకథలను పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

వానిలో మొదటిది జేమ్స్ మెరెడిత్ 1966లో ప్రకటించిన “త్రీ ఇయర్స్ ఇన్ మిసిసిపీ”. రెండవది ఆన్ మూడీ 1968లో ప్రకటించిన “కమింగ్ ఆఫ్ ఏజ్ ఇన్ మిసిసిపీ”. ఇరువురును నల్లజాతివారు, ఇరువురును ఆ రాష్ట్రముననే పుట్టినవారు, ఇరువురును ఒకే దశాబ్దమున కళాశాల విద్యార్థులు. అతడు తెల్లవారి విశ్వవిద్యాలయము తలుపు తట్టెను. ఆమె నల్లజాతివారి కళాశాలలో చదువుకొనుచు, తెల్లవారి ఫలహారపు బల్లయొద్ద కూర్చుండెను. ఈ గ్రంథములను చరిత్రకు ఆధారపత్రములుగా చదువువారు పెక్కురు. సాహిత్యముగా, అందును ఒకదాని ప్రక్క నొకటి యుంచి చదువువారు తక్కువ. అట్లు చదివినచో కళాశాలల సంచికలలోను, ఉత్సవప్రసంగములలోను దొరకని యొక సత్యము బయటపడును. కళాశాల ద్వారము తెరచినది కళాశాల కాదు. తెరచిన పిదప ఎవరు ఎవరికి ఋణపడిరను లెక్కయు ఇంకను తీరలేదు.

పూర్వరంగము

1954 మే 17వ తేదీన అమెరికా అత్యున్నత న్యాయస్థానము ప్రభుత్వ పాఠశాలలలో తెల్లపిల్లలను, నల్లపిల్లలను వేరుచేయుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. తీర్పు కాగితముపై నుండెను. మిసిసిపీలో బడి మాత్రము ఎప్పటివలెనే యుండెను. ఆ సంవత్సరముననే మెడ్గర్ ఎవర్స్ అను నల్లజాతి యువకుడు మిసిసిపీ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర శాఖలో ప్రవేశము కోరగా, ఆ కోరిక త్రోసివేయబడెను.

పెద్దలు న్యాయస్థానముల మెట్లు ఎక్కుచుండగా విద్యార్థులు వేరొక మార్గము త్రొక్కిరి. 1960 ఫిబ్రవరి 1వ తేదీన ఉత్తర కెరొలైనా రాష్ట్రమందలి గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు కళాశాల విద్యార్థులు వుల్‌వర్త్ అంగడిలో, తెల్లవారికి మాత్రమే వడ్డించు బల్లయొద్ద కూర్చుండి కాఫీ అడిగిరి. ఎవరును ఇయ్యలేదు, వారును లేవలేదు. కొలది వారములలో ఈ పద్ధతి దక్షిణమున పట్టణమునుండి పట్టణమునకు ప్రాకెను. ఆ ఏప్రిలులో రాలీ పట్టణమందలి షా విశ్వవిద్యాలయమున, ఎల్లా బేకర్ అను అనుభవశాలిని ప్రోత్సాహముతో, విద్యార్థుల అహింసా సమన్వయ సంఘము ఏర్పడెను.

ఈ అహింసా శిక్షణకు మన దేశముతో గల సంబంధము కేవలము పుస్తకములలోనిది కాదు. నాష్‌విల్ విద్యార్థులకు గురువైన జేమ్స్ లాసన్ 1953 నుండి 1956 వరకు నాగపూరులో హిస్లాప్ కళాశాలయందు పనిచేసి, గాంధీమహాత్ముని పద్ధతులను అభ్యసించి స్వదేశమునకు మరలెను. దెబ్బతిన్నప్పుడు చేయి లేవకుండుటకు కూడ అభ్యాసము కావలెనని అతడు విద్యార్థులకు నేర్పెను. అందులకు ఫలముగా 1960లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము అతనిని తన దైవశాస్త్ర విద్యాలయమునుండి వెడలగొట్టెను. దాదాపు అర్ధశతాబ్ది గడచిన పిదప అదే విశ్వవిద్యాలయము అతనిని ఆచార్యునిగా ఆహ్వానించి గౌరవించెను. కళాశాలల పశ్చాత్తాపము సాధారణముగా ఇంత తీరికగా వచ్చును.

తెల్లవారి విద్యాలయములే ఇట్లు చేసెననుకొనరాదు. రాష్ట్రప్రభుత్వపు ధనముతో నడచు నల్లజాతి కళాశాలలును ప్రభుత్వమునకు వెరచి తమ విద్యార్థులనే బహిష్కరించెను. 1960లో అలబామా రాష్ట్ర కళాశాల విచారణయైనను లేక విద్యార్థులను వెడలగొట్టగా, ప్రభుత్వ కళాశాల అట్లు చేయరాదని 1961లో అప్పీలు న్యాయస్థానము నిర్ణయించెను. మిసిసిపీలో టుగలూ కళాశాల 1869లో క్రైస్తవ ధర్మసంస్థచే స్థాపింపబడినది. ప్రభుత్వపు సొమ్మునకు లోబడినది కాదు. అందువలననే ఆ రాష్ట్రమున విద్యార్థుల ఉద్యమమునకు అది నెలవైనది. 1961 మార్చి 27వ తేదీన ఆ కళాశాల విద్యార్థులు తొమ్మండుగురు జాక్సన్ నగరములో తెల్లవారి గ్రంథాలయమునకు పోయి, పుస్తకములు తీసికొని, కూర్చుండి చదువుకొనిరి. పోలీసులు వచ్చి వారిని బంధించిరి. ఈ ఉద్యమమున విద్యార్థులు చేసిన నేరమేదియని అడిగినవారికి, ఒకనాడు వారు చేసిన నేరము చదువుటయే యని చెప్పవచ్చును.

మెరెడిత్ గ్రంథము

జేమ్స్ మెరెడిత్ 1933లో కొసియస్కో పట్టణ ప్రాంతమున జన్మించెను. తొమ్మిది సంవత్సరములు వైమానిక దళమున పనిచేసి, 1960 ఆగస్టులో స్వరాష్ట్రమునకు తిరిగివచ్చెను. గ్రంథము ఆ తిరుగు ప్రయాణముతోనే ప్రారంభమగుచున్నది. కుటుంబముతో కారులో వచ్చుచున్న ఆ యువకుని మనస్సు ఇల్లు చేరు కుమారుని మనస్సు వలెనే కాక, యుద్ధభూమిని పరికించు సైనికుని మనస్సు వలెను పనిచేయుచుండును. ఈ సైనికదృష్టి గ్రంథమంతయు నిండియున్నది. అతడు ముట్టడి, వ్యూహము, బలాబలములు అను మాటలతోనే తన చదువును గూర్చి ఆలోచించును.

1961 జనవరిలో, కెన్నెడీ అధ్యక్షపదవి స్వీకరించిన మరునాడు, అతడు మిసిసిపీ విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పత్రము పంపుమని వ్రాసెను. పత్రము మర్యాదగా వచ్చెను. దానిని పూరించి పంపునపుడు తాను నల్లజాతివాడనని స్పష్టముగా తెలిపెను. వెంటనే, గడువు మించినదని తంతి వచ్చెను. ఐదుగురు పూర్వవిద్యార్థుల యోగ్యతాపత్రములు కావలెనని నియమము. ఆ విద్యాలయమున నల్లజాతివాడని యెరిగి ఒక్కనిని చేర్చుకొనియుండలేదు. కావున ఆ పూర్వవిద్యార్థులందరును తెల్లవారే. అతడు చదువుచున్న జాక్సన్ రాష్ట్ర కళాశాలకు తగిన గుర్తింపు లేదు గనుక అక్కడి చదువు లెక్కకు రాదని మరియొక కారణము చెప్పబడెను. ఆ కళాశాలను నడుపు ధర్మకర్తల మండలియు, ఈ విశ్వవిద్యాలయమును నడుపు ధర్మకర్తల మండలియు ఒక్కటే. ఒక చేతితో బిడ్డను ఆకలికి మాడ్చి, రెండవ చేతితో ఆ బిడ్డ బలహీనుడని వ్రాసియిచ్చినట్లున్నది.

మెరెడిత్ ఈ ఉత్తరప్రత్యుత్తరములను, న్యాయస్థానమున జరిగిన ప్రశ్నోత్తరములను విస్తారముగా గ్రంథమున చేర్చెను. వీనివలన కథాగమనము కుంటుపడినదని చెప్పక తప్పదు. పుటల తరబడి అధికారులు తప్పించుకొనుచుందురు. న్యాయవాదిని కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ వారిని వెంటాడుచుండును. పాఠకునికి విసుగు కలుగును. అయినను ఈ విసుగు నిరర్థకము కాదు. అల్లరిమూకల రాళ్ళను గూర్చి ఎవరైనను వ్రాయగలరు. మర్యాదగల భాషలో, ముద్రవేసిన కాగితముపై, సంతకముతో వచ్చు తిరస్కారమును గూర్చి వ్రాయుట కష్టము. అది ఎట్లు మనుష్యుని అలయజేయునో పాఠకుడు స్వయముగా అలసి తెలిసికొనును. ఈ గ్రంథమందలి రచనాబలము, రచనాదోషము ఒక్కచోటనే యున్నవని చెప్పవలెను.

తరువాతి చరిత్ర లోకవిదితము. 1962 జూన్‌లో అప్పీలు న్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పెను. గవర్నరు రాస్ బార్నెట్ స్వయముగా అడ్డు నిలిచెను. సెప్టెంబరు 30వ తేదీ రాత్రి విశ్వవిద్యాలయ ప్రాంగణమున చెలరేగిన అల్లరిలో ఇద్దరు చనిపోయిరి. ఫెడరల్ రక్షకభటులలో 160 మందికి పైగా గాయపడిరి. వేలకొలది సైనికులు రావలసివచ్చెను. అక్టోబరు 1వ తేదీ ఉదయమున మెరెడిత్ పేరు నమోదు చేసికొని పాఠమునకు పోయెను. ఒక విద్యార్థి తరగతి గదిలో అడుగిడుటకు ఒక దేశము సైన్యమును కదలించినది.

అయితే గ్రంథమున విలువైన భాగము ఈ రాత్రి కథ కాదు, దాని తరువాతిది. పట్టా పొందునంతవరకు కావలివారు అతని వెంటనుండిరి. భోజనశాలలో అతడు కూర్చున్నచోటునుండి తక్కినవారు లేచిపోయిరి. అతనితో కూర్చుండి భుజించిన కొద్దిమంది తెల్లవిద్యార్థులకు తోడివారి వెలివేత తప్పలేదు. ఊరివారి కట్టుబాటును, నిప్పు నీరు ఇయ్యకుండుటను ఎరిగిన మన పాఠకునికి ఈ దృశ్యమును వివరింప నక్కరలేదు. న్యాయస్థానము ప్రవేశము నిప్పింపగలదు. సహపంక్తి భోజనము నిప్పింపలేదు. 1963 ఆగస్టు 18వ తేదీన అతడు రాజనీతిశాస్త్రమున పట్టభద్రుడయ్యెను. బార్నెట్ పక్షమువారు “ఎన్నటికిని జరుగదు” అను అర్థముగల మాట ముద్రించిన బిళ్ళలను ధరించెడివారు. ఆనాడు మెరెడిత్ అట్టి బిళ్ళ నొకదానిని తన అంగీపై తలక్రిందులుగా పెట్టుకొనెను. ఇంతటి గంభీరునికి ఇంతటి చమత్కారము కలదని ఆ ఒక్క చేష్ట చెప్పుచున్నది.

అతని దృష్టియందు తాను దయ కోరి వచ్చినవాడు కాడు; పౌరుడు. రాష్ట్రపు పన్నుతో నడచు విద్యాలయము రాష్ట్రపౌరునిది. దానిని అతడు అడుగుచుండలేదు. తనదానిని తాను స్వాధీనము చేసికొనుచుండెను. ఈ అభిమానము వలననే గ్రంథమునకు వెన్నెముక వచ్చినది. దీనివలననే మరియొక లోపమును వచ్చినది. తన ముందు నడచినవారు, వెనుక నిలిచినవారు అతని కథలో నీడలవలె కదలుచుందురు. సైనికుడు కోట నెక్కిన కథ కలదు గాని, నిచ్చెన పట్టినవారి ముఖములు స్పష్టముగా కానరావు.

ఆన్ మూడీ గ్రంథము

ఆ ముఖములను చూడగోరినవారు ఆన్ మూడీని చదువవలెను. ఆమె 1940 సెప్టెంబరు 15వ తేదీన సెంటర్‌విల్ సమీపమున, పాలునకు సేద్యము చేయువారి యింట జన్మించెను. ఆమె గ్రంథము బాల్యము, ఉన్నతపాఠశాల, కళాశాల, ఉద్యమము అని నాలుగు భాగములుగా నున్నది. మెరెడిత్ కథ మూడు సంవత్సరములలో జరుగును. ఆమె కథ తోటలోని రెండు గదుల గుడిసెనుండి ప్రారంభమై ఇరువది సంవత్సరములు నడచును. ఈ నిర్మాణభేదము సామాన్యమైనది కాదు. విద్యార్థి ఎందుకు తిరుగబడెనను ప్రశ్నకు మెరెడిత్ సిద్ధాంతముతో సమాధానము చెప్పును. మూడీ ఆకలితో చెప్పును.

చిన్ననాటినుండియు ఆమె తెల్లవారి ఇండ్లలో ఊడ్చి, కడిగి, ఆ కూలితో బడికి పోయెను. 1955లో ఎమ్మెట్ టిల్ అను పదునాలుగేండ్ల నల్లబాలుని మిసిసిపీలో చంపిరి. ఆమెకును అప్పుడు ఇంచుమించు ఆ వయస్సే. అంతవరకు ఆకలికిని, చీకటికిని భయపడిన బాలిక, అప్పటినుండి కేవలము నల్లదానినైనందున చంపబడుదునను భయమును ఎరిగెను. హక్కుల సంఘమును గూర్చి చెప్పిన ఉపాధ్యాయినిని అడిగి ఆమె కొంత తెలిసికొనెను. ఆ ఉపాధ్యాయిని ఉద్యోగము మరుసటి సంవత్సరమునకు లేకపోయెను. విద్యాలయము తన విద్యార్థికి ఏమి చెప్పరాదో ఈ ఒక్క సంఘటనము వలన స్పష్టమగుచున్నది.

ఆమె తొలి సమ్మె తెల్లవారిపై కాదు. నాచెజ్ పట్టణమున ఆమె చదివిన చిన్న నల్లజాతి కళాశాలలో, భోజనమునకు పెట్టిన మొక్కజొన్న సంకటిలో పురుగు కనబడగా, ఆమె భోజనశాల బహిష్కారమునకు నాయకత్వము వహించెను. పెద్ద ఉద్యమముల చరిత్రకారులు ఈ పురుగును విడిచిపెట్టుదురు. సాహిత్యకారిణి విడువలేదు. నోరు మూసికొని తినుమని చెప్పు అధికారము ఏ రంగు చర్మము ధరించినను అధికారమేయని ఆమె అప్పుడే గ్రహించెను. టుగలూ కళాశాలకు పోవునపుడు అక్కడ ఛాయ తక్కువ నలుపుగల కలవారి బిడ్డలే యుందురేమోయని జంకెను. తమవారిలోని హెచ్చుతగ్గులను దాచకుండ వ్రాయుట ఈ గ్రంథమునకు గొప్ప గుణము.

1963 మే 28వ తేదీన జాక్సన్ నగరమందలి వుల్‌వర్త్ అంగడిలో ఆమెయు, మరి ఇద్దరు విద్యార్థులును ఫలహారపు బల్లయొద్ద కూర్చుండిరి. తరువాత తోటివిద్యార్థిని యొకతెయు, ఆచార్యుడొకడును, ఇతరులును వచ్చి చేరిరి. మూక చుట్టుముట్టి ఒకనిని క్రిందబడద్రోసి తన్నెను. కూర్చున్నవారి తలలపై టొమాటో సాసు, ఆవముద్ద, పంచదార పోసెను. సుమారు మూడు గంటల పిమ్మట కళాశాలాధ్యక్షుడు బీటెల్ వచ్చి వారిని వెలుపలికి తీసికొనిపోయెను. ఆనాటి ఛాయాచిత్రము లోకమంతట ప్రసిద్ధమైనది. ఛాయాచిత్రమున లేని భాగమును మూడీ వ్రాసినది. ఆమె సమీపమున నున్న కేశాలంకరణశాలకు పోగా, అక్కడ తమ వంతునకై వేచియున్న స్త్రీలు ఆమెను ముందు పోనిచ్చిరి. తల కడిగించుకొనుట అను చిన్న పనిలో ఒక జాతి తన బిడ్డకు చేసిన గౌరవమంతయు కలదు. ఒక్క విశేషణమైనను వాడక ఆమె ఈ దృశ్యమును చెప్పిన తీరు ఉత్తమ రచయిత్రికి మాత్రమే సాధ్యము.

ఈ సాహసమునకు వెల ఆమె ఒక్కతెయే చెల్లింపలేదు. షెరిఫు ఆమె తల్లిని బెదరించెను. కుమార్తె స్వగ్రామమునకు రాగూడని స్థితి కలిగెను. ఉద్యమము మానుమని తల్లి ఉత్తరముమీద ఉత్తరము వ్రాసెను. తల్లి ప్రేమయే బిడ్డ కాలికి సంకెలయైన ఈ ఘట్టములను చదువునపుడు కోపము రావలసిన చోట జాలి కలుగును. ఆ ఉత్తరములయందలి భయము న్యాయస్థానపు ఏ పత్రమునందును లేదు.

టుగలూ కళాశాలకు మన దేశమునుండి ఒక అతిథి వచ్చిన వృత్తాంతమును ఇక్కడ స్మరింపవచ్చును. 1964 మే నెలలో, మూడీ ఆ కళాశాల చదువు ముగించు సమయముననే, డాక్టరు రామమనోహర్ లోహియాగారు అచటికి పోయిరి. జాక్సన్‌లోని ఒక భోజనశాలలో వారిని చర్మపు రంగు కారణముగా నిరాకరింపగా, వారు మరునాడు మరల అచటికి పోయి పోలీసులచే పట్టుబడిరి. దానిపై అమెరికా ప్రభుత్వము క్షమాపణ తెలిపెను. విదేశీయ నాయకునికి దొరకిన క్షమాపణ, ఆ యూరి విద్యార్థికి దొరకలేదు.

తారతమ్యము

రెండు గ్రంథములను సరిచూచినచో రచనాశిల్పమున మూడీయే అధికురాలు. సంభాషణలు ఆమె చేతిలో ప్రాణముతో నుండును. నాలుగేండ్ల వయస్సునాటి మాటలు అక్షరక్షరము ఎట్లు జ్ఞాపకముండునని శంకించువారు కలరు. శంక న్యాయమైనదే. బాల్యభాగమున కల్పనాశక్తి జ్ఞాపకశక్తికి తోడ్పడినదని అంగీకరింపవలెను. అయినను ఆత్మకథ సాక్షివాఙ్మూలము కాదు. జరిగిన మాట తప్పినను, జరిగిన బాధ తప్పకుండుటయే దాని సత్యము. ప్రమాణపత్రములు కావలసినవారికి మెరెడిత్ ఉన్నాడు. ఒకరి లోటును మరియొకరు పూరించుచున్నారు.

ఇంకొక విశేషము కలదు. మూడీ గ్రంథమున కళాశాల భాగము నాలుగింటిలోను చిన్నది. చదువుకై అంత శ్రమపడిన యువతికి కళాశాల గమ్యము కాలేదు. అది మార్గములో నొక మజిలీ. మెరెడిత్‌కు పట్టా విజయచిహ్నము. మూడీకి పట్టా వచ్చిన తరువాతను ప్రశ్న మిగిలియే యున్నది. 1963 ఆగస్టులో వాషింగ్‌టన్ మహాసభలో వేదికపైనున్న నాయకుల స్వప్నములు ఆమెను తృప్తిపరుపలేదు. గ్రంథాంతమున వాషింగ్‌టన్‌కు పోవు బస్సులో అందరును జయము కలుగునని పాడుచుండగా, ఆమె మాత్రము సందేహముతో నుండిపోవును. మంగళాంతమునకు అలవాటుపడిన పాఠకునికి ఇది వెలితిగా తోచవచ్చును. కాని ఆ సందేహమే గ్రంథమునకు నిలుకడ నిచ్చినది. ఉత్సాహముతో ముగిసిన గ్రంథములు పెక్కు కాలముతో పాతబడినవి. ఈ ప్రశ్న పాతబడలేదు.

కళాశాలల ప్రయత్నములు

ఆ ప్రశ్న ఎంత సార్థకమో తరువాతి కాలము నిరూపించినది. టుగలూ చదువు ముగిసిన పిదప మూడీ 1964-65లో ఉత్తరమున కోర్నెల్ విశ్వవిద్యాలయమున పౌరహక్కుల కార్యక్రమమునకు సమన్వయకర్తగా పనిచేసెను. ఆ విద్యాలయాధ్యక్షుడు జేమ్స్ పెర్కిన్స్ 1963లో పదవికి వచ్చి, నల్లజాతి విద్యార్థులను ఆహ్వానించుటకై ఒక ప్రత్యేక సంఘమును ఏర్పరచెను. అంతకు ముందు వ్రేళ్ళపై లెక్కింపదగినట్లున్న వారి సంఖ్య 1969 నాటికి ఇంచుమించు 250 అయ్యెను. ఇట్టి ప్రయత్నములలో సదుద్దేశము లేదనరాదు. మిసిసిపీలో సైన్యము చేయవలసిన పని ఇక్కడ ఒక సంఘము చేసినది.

అయినను 1969 ఏప్రిల్ 19వ తేదీన ఆ నల్లజాతి విద్యార్థులే విల్లర్డ్ స్ట్రెయిట్ భవనమును ఆక్రమించుకొనిరి. ముందటి రాత్రి నల్లజాతి విద్యార్థినుల వసతిగృహము ముందు ఎవరో సిలువను తగులబెట్టిరి. తెల్లవిద్యార్థులు కొందరు భవనమున జొరబడగా, లోనివారు తుపాకులు తెప్పించుకొనిరి. మరునాడు తుపాకులతో వారు వెలుపలికి వచ్చుచున్న చిత్రము దేశమును కలవరపెట్టెను. అహింసనుండి తుపాకివరకు వచ్చిన ఈ మార్పును మెచ్చుకొన నవసరము లేదు. అర్థము చేసికొన నవసరము కలదు. పిలిచినవారు చోటు ఇచ్చిరి గాని, ఆ చోట వచ్చినవారి చరిత్రకు పాఠ్యప్రణాళికలో స్థానము లేదు. వారి ప్రాణమునకు పూర్తి అభయము లేదు. ఆ సంవత్సరముననే అచట ఆఫ్రికా సంబంధమైన అధ్యయనకేంద్రము ఏర్పడెను.

అంతకు ముందే 1968 నవంబరు 6వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కో రాష్ట్ర కళాశాలలో ప్రారంభమైన సమ్మె 1969 మార్చివరకు సాగి, వివిధ జాతుల చరిత్రను బోధించు ప్రత్యేక విద్యాశాఖను సాధించెను. దక్షిణమున మాత్రము వెల రక్తముతోనే చెల్లుచుండెను. 1968 ఫిబ్రవరి 8వ తేదీన దక్షిణ కెరొలైనాలోని ఆరెంజ్‌బర్గ్ కళాశాల ప్రాంగణమున పోలీసు కాల్పులలో ముగ్గురు యువకులు, 1970 మే నెలలో మెరెడిత్ చదివిన జాక్సన్ రాష్ట్ర కళాశాలలో ఇద్దరు మరణించిరి.

విద్యార్థులు కోరినది ఋణవిమోచనము. దానికి పాలకులు, న్యాయమూర్తులు పెట్టిన పేరు వేరు. 1978 జూన్ 28వ తేదీన అత్యున్నత న్యాయస్థానము ఆలన్ బాకీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. కాలిఫోర్నియాలోని ఒక వైద్యకళాశాల 100 స్థానములలో 16 వెనుకబడిన అల్పసంఖ్యాకులకు ప్రత్యేకించుట చెల్లదనెను. సమాజము చేసిన పూర్వాన్యాయమునకు ప్రాయశ్చిత్తముగా స్థానములు ఇయ్యరాదని, విద్యార్థులలో వైవిధ్యముండుట కళాశాల విద్యకు మేలు గనుక జాతిని ఒక అంశముగా పరిగణింపవచ్చునని న్యాయమూర్తి పావెల్ అభిప్రాయపడెను. ఆ వ్యాజ్యమందలి వాది పేరు తెలుగు చెవికి అప్పును స్ఫురింపజేయుట కాకతాళీయము. తీర్పు మాత్రము అప్పును గూర్చినదే. ఋణదాత ఋణగ్రస్తుని ఇంటికి అలంకారముగా పిలువబడెను. 1961 జనవరిలో మెరెడిత్ సహాయము కోరి ఉత్తరము వ్రాసినది థర్గుడ్ మార్షల్ అను న్యాయవాదికి. ఆ మార్షల్ 1978లో అదే న్యాయస్థానమున న్యాయమూర్తియై, శతాబ్దముల అన్యాయమును విస్మరింపరాదని వేరుగా అభిప్రాయము వ్రాసెను. అది అల్పసంఖ్యాకుల మాటయై నిలిచిపోయెను.

ఇందుకు భిన్నమైన మార్గమును మన దేశము ముందే త్రొక్కినదని చెన్నపట్టణపు చరిత్ర ఎరిగినవారికి తెలియును. ఆంధ్ర జిల్లాలు ఇంకను మదరాసు రాష్ట్రమున నున్న కాలములో, 1951 ఏప్రిలున చంపకం దొరైరాజన్ వ్యాజ్యమున కళాశాలల సీట్లను కులమతములవారీగా పంచిన ప్రభుత్వపు ఉత్తరువును సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఆ సంవత్సరముననే రాజ్యాంగమునకు తొలి సవరణ జరిగి, వెనుకబడిన వర్గముల అభివృద్ధికై ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చునని చేర్చబడెను. దాని అమలునందలి గుణదోషములపై వివాదములెన్ని యున్నను, అది వెనుకబాటు అను మాటను దాచలేదు. వైవిధ్యము అను సొగసైన మాటచాటున అమెరికా కళాశాలలు నలువదియైదు ఏండ్లు తలదాచుకొనెను. 2023 జూన్ 29వ తేదీన ఆ దేశపు న్యాయస్థానము, ప్రవేశములలో జాతిని పరిగణించుటను కొట్టివేయగా, ఆ చాటును తొలగిపోయెను.

ఉపసంహారము

ఈ రెండు గ్రంథములకు నేడు గల ప్రయోజనము ఇచ్చటనే కలదు. న్యాయస్థానము మాట మార్చినను, కళాశాలలు తమ ప్రకటనపత్రములలో పేరు మార్చినను, మెరెడిత్ పొందుపరచిన ఆ మర్యాదగల తిరస్కారపు లేఖలు మారవు. మూడీకి తల్లి వ్రాసిన ఉత్తరములయందలి వణకు మారదు. వైవిధ్యమును గూర్చిన చర్చ కళాశాల ఏమి పొందునని అడుగుచున్నది. విద్యార్థి ఏమి పోగొట్టుకొని అచటికి చేరెనని ఈ గ్రంథములు అడుగుచున్నవి. మొదటి ప్రశ్నకు సమాధానము కాలమునుబట్టి మారును. రెండవదానికి సమాధానము ఇరువురును తమ చేతివ్రాతతో వ్రాసిపోయిరి.

ఆన్ మూడీ 2015 ఫిబ్రవరిలో మరణించెను. ఆమె పాటతో గొంతు కలుపక మౌనముగా కూర్చున్న ఆ బస్సు నేటికిని గమ్యము చేరలేదు. ఒక జాతి తన విద్యాలయములను అంచనా వేసికొనుటకు ద్వారముపై వ్రాసిన మాటలను గాక, ఆ ద్వారబంధము దాటిన తరువాత లోనికి పోయిన బిడ్డ ప్రక్కన ఎవరు కూర్చుండిరో చూడవలెనని ఈ గ్రంథములు నేర్పుచున్నవి.